ఆర్‌వీతో మోయాబ్‌లో రెండు రాత్రులు: ఎర్రరాతి లోయల్లో మజిలీ వేసే పద్ధతి

"డెన్వర్‌లో ఆర్‌వీ తీసుకుని వెగాస్ దాకా వెళ్తున్నాం, మధ్యలో మోయాబ్‌లో ఒక రాత్రి ఆగుతాం, ఏమేం చూడాలి?" మార్చి వచ్చిందంటే ఈ ప్రశ్న నలుగురైదుగురి నుంచి వస్తుంది. ఏం చూడాలో చెప్పడం తేలికే. ఆర్‌వీతో, అంటే మంచాలు, వంటిల్లు, మరుగుదొడ్డి లోపలే ఉన్న బండితో, వచ్చినవాళ్లను ఏడిపించేవి వేరే ఉన్నాయి: బండి ఎక్కడ నిలపాలి, నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి, మురుగు ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలి. ఈ మూడూ ముందే తేల్చుకోకపోతే పార్కింగ్ కోసం చుట్లు కొట్టడంతోనే పొద్దుగూకుతుంది.

యూటా రాష్ట్రం ఆగ్నేయ మూలన, కొలరాడో నది పక్కన ఉంటుంది మోయాబ్. ఊరికి ఉత్తరాన 5 మైళ్లలో రాతి తోరణాలకు పేరున్న ఆర్చెస్ నేషనల్ పార్క్ గేటు. కాన్యన్‌ల్యాండ్స్ పార్కులో ఐలాండ్ ఇన్ ద స్కై అనే భాగం సుమారు 32 మైళ్లు. అద్దెకు తీసుకున్న 25 అడుగుల క్లాస్ సి బండి (వ్యాను ముందుభాగం వెనక గది కట్టిన మధ్యరకం ఆర్‌వీ), అందులో నలుగురైదుగురు ఉన్న కుటుంబం అనుకుని ఇది రాస్తున్నాను.

1. ముందు తేదీలు, ఎన్ని రాత్రులన్నది తేల్చుకోండి

ఒక్క రాత్రికైతే ఆగకండి. నేను ఇలా అన్నప్పుడల్లా కొందరు మొహం చిన్నబుచ్చుకుంటారు కానీ, లెక్క వేసి చూడండి. మధ్యాహ్నం మూడింటికి చేరతారు. బండి నిలిపి, సర్దుకుని, వంట చేసేసరికి చీకటి. మర్నాడు పదకొండుకల్లా చోటు ఖాళీ చేయాలి. ఇక చూసేదెప్పుడు? రెండు రాత్రులైతే మధ్యలో ఒక నిండు రోజు దొరుకుతుంది. నాలుగు రోజుల్లో ఐదు పార్కులు చుట్టేద్దామనుకునేవాళ్లు రెండు పార్కులు కొట్టేసి ఇక్కడ ఆగండి.

నెలలు: మార్చి చివరి నుంచి మే దాకా, సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ దాకా. జులైలో పగటి వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూఇటూ ఉంటుంది. కరెంటు లేని చోట ఆర్‌వీలో ఆ ఎండలో ఉండటమంటే రేకుల షెడ్డులో మే నెల గడపడమే. చలికాలంలో జనం ఉండరు, రాళ్ల మీద మంచు పడితే చూడ్డానికి బాగుంటుంది, కానీ రాత్రిళ్లు బండి పైపుల్లో నీళ్లు గడ్డకడతాయి. మొదటిసారి ఆర్‌వీ తీసుకునేవాళ్లకు అది వద్దు.

వసంతంలో ఒకటే చిక్కు, గాలి. దాని సంగతి 6వ అంచెలో.

2. బండి పొడవు తగ్గించుకోండి

అద్దె కంపెనీలు 30 అడుగుల బండిని కొద్దిపాటి తేడాకే ఇస్తామంటాయి. ఆశపడకండి. ఆర్చెస్‌లో పెద్ద బళ్లకు కేటాయించిన పార్కింగ్ గడులు ఆగే ప్రతి చోటా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. 25 అడుగులు దాటితే మామూలు గడిలో పట్టదు. 22 నుంచి 25 మధ్యలో ఉంచుకుంటే చాలా తలనొప్పులు తప్పుతాయి.

అద్దె ఒప్పందంలో రెండు వాక్యాలు వెతికి చదవండి. ఒకటి, మట్టి రోడ్ల మీద నడపకూడదన్న నిబంధన. దాదాపు అన్ని కంపెనీలకూ ఉంటుంది. మోయాబ్ చుట్టుపక్కల ఉచితంగా ఆగే చోట్లు చాలావరకు మట్టి రోడ్ల మీదే ఉన్నాయి, ఆ రోడ్డెక్కితే బీమా వర్తించకపోవచ్చు. రెండోది, రోజుకు ఎన్ని మైళ్లు, జనరేటర్ ఎన్ని గంటలు ఉచితం అన్నది.

3. చోటు బుక్ చేయడం

సగం ప్రయాణం ఇక్కడే తేలిపోతుంది. నాలుగు రకాల చోట్లున్నాయి. మీ ఇంటివాళ్ల ఓపికను బట్టి ఎంచుకోండి.

ఊళ్లో ప్రైవేటు ఆర్‌వీ పార్కులు. కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం మూడూ చోటు దగ్గరే ఉంటాయి. దీన్నే ఫుల్ హుకప్ అంటారు. స్నానాలకు గదులు, బట్టలు ఉతికే యంత్రాలు కూడా. పక్క బండికీ మనకూ మధ్య పది అడుగులు ఉంటే ఎక్కువ. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మారుమాట లేకుండా ఇదే తీసుకోండి.

డెవిల్స్ గార్డెన్, ఆర్చెస్ లోపల. గేటు నుంచి 18 మైళ్లు లోపలికి. దాదాపు 50 చోట్లే ఉన్నాయి. తాగునీటి కుళాయిలు, మరుగుదొడ్లు ఉన్నాయి. కరెంటు లేదు, స్నానం లేదు, ట్యాంకు ఖాళీ చేసే వీలు లేదు. మార్చి 1 నుంచి అక్టోబర్ 31 దాకా రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైటులో 6 నెలల ముందు బుకింగ్ తెరుస్తారు, తెరిచిన కాసేపటికే అయిపోతాయి. చోటు పేరు పక్కన ఎంత పొడవు బండి పడుతుందో రాసి ఉంటుంది, అది చూడకుండా నొక్కకండి. ఇక్కడ దొరికితే లాభమేంటంటే, పొద్దున లేచేసరికి పార్కు లోపలే ఉంటారు.

డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్క్. నది నుంచి 2,000 అడుగుల ఎత్తున ఉన్న బల్లపరుపు కొండ మీద. కరెంటు ఉంటుంది. నీళ్లు మాత్రం కింద నుంచి లారీల్లో మోసుకొస్తారు కాబట్టి ఆర్‌వీ ట్యాంకులు అక్కడ నింపనివ్వరు. నేను మొదటిసారి ఈ సంగతి చదవకుండా ఖాళీ ట్యాంకుతో ఎక్కి, మళ్లీ ఊళ్లోకి దిగి, ట్యాంకు నింపుకుని ఎక్కాను. అరవై మైళ్ల పైచిలుకు, ఒక సాయంత్రం, ఇంట్లోవాళ్ల మౌనం. బుకింగ్ 4 నెలల ముందు తెరుస్తారు. నా ఓటు మాత్రం దీనికే. ఊరికంటే చల్లగా ఉంటుంది, ఐలాండ్ ఇన్ ద స్కై దగ్గర, రాత్రి ఆకాశం నల్లగా కనిపిస్తుంది.

నది ఒడ్డున బీఎల్ఎం చోట్లు. కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ నడిపేవి. 128వ నంబరు రోడ్డు వెంట కొలరాడో నది పక్కనే వరసగా ఉంటాయి. చాలావరకు ముందు వచ్చినవాళ్లకే. నీళ్లు, కరెంటు లేవు. కొన్ని చోట్లు చిన్న గుడారాలకే సరిపోతాయి, ఆర్‌వీలకు బిగ్ బెండ్ లాంటివి నయం. శుక్రవారం మధ్యాహ్నం వచ్చి ఖాళీ వెతకడం దండగ. ఆది, సోమవారాల్లో ఉదయం పది ప్రాంతంలో వస్తే, పోయేవాళ్లు పోతుంటారు కనుక దొరికే అవకాశం ఉంది. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, అక్కడ సిగ్నల్ నమ్ముకోలేం.

మొదటిసారైతే ఒక రాత్రి ఊళ్లో ఫుల్ హుకప్, రెండో రాత్రి కొండ మీదో నది ఒడ్డునో పెట్టుకోండి. ఊళ్లో నింపుకుని, కడుక్కుని పైకి వెళ్తారు. వరస తిరగేస్తే కష్టం.

బుకింగ్ చేసేటప్పుడు ఇవి సరిచూడండి:

- చోటు పొడవు మీ బండికి సరిపోతుందా
- నేరుగా ఇటు ఎక్కి అటు దిగే చోటా, వెనక్కి తీసి నిలిపేదా
- 30 ఆంప్‌ల కరెంటా, 50 ఆంప్‌లా (క్లాస్ సి బళ్లకు ఎక్కువగా 30)
- ట్యాంకు ఖాళీ చేసే డంప్ స్టేషన్ ఉందా, లేకపోతే దగ్గర్లో ఎక్కడ
- జనరేటర్ ఏ వేళల్లో నడపనిస్తారు
- ఆర్చెస్‌కు ఆ తేదీల్లో సమయ టికెట్ కావాలా

చివరిది ఏటా మారుతోంది. 2022 నుంచి 2025 దాకా రద్దీ నెలల్లో గంటల వారీ ప్రవేశ టికెట్ పెట్టారు. మీరు వెళ్లే ఏడాది నియమం పార్కు సైటులో చూసుకున్నాకే తక్కిన పథకం వేయండి.

పాస్ సంగతి ఒక్క ముక్క. ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్‌కు బండికి 30 డాలర్ల చొప్పున విడివిడిగా కట్టే బదులు, ఇంకో పార్కు కూడా దారిలో ఉంటే అమెరికాలో నివసించేవారికి ఏడాది పాస్ మేలు. 2026 నుంచి అమెరికాలో నివసించేవారికి 80, బయటి దేశాలవారికి 250 డాలర్లు. పాస్ మీద పేరున్న మనిషి ఐడీతో సహా బండిలో ఉండాలి. డెడ్ హార్స్ పాయింట్ రాష్ట్రానిది, అక్కడ ఈ పాస్ చెల్లదు.

4. బండి అందుకునే రోజు

అద్దె ఆఫీసులో అరగంట వీడియో చూపించి తాళాలు చేతిలో పెడతారు. సిగ్గుపడకుండా ప్రతి మీటా మీ చేత్తో నొక్కి చూడండి. ఫోన్‌లో వీడియో తీసుకోండి. మోయాబ్‌లో రాత్రి ఎనిమిదికి నీళ్ల పంపు మీట ఎక్కడుందో వెతుక్కోవడం ఏ వీడియోలోనూ ఉండదు.

- మంచినీళ్ల ట్యాంకు, గ్రే ట్యాంకు (సింకు, స్నానం నీళ్లు), బ్లాక్ ట్యాంకు (మరుగుదొడ్డి) ఎన్ని గ్యాలన్లు
- బండి ఎత్తు. కాగితం మీద పెద్దగా రాసి డ్రైవరు ముందు అంటించండి
- మురుగు గొట్టానికి కన్నాలు లేవా, చేతి తొడుగులు ఉన్నాయా
- తాగునీటి గొట్టం, ప్రెజర్ రెగ్యులేటర్
- చక్రాల కింద పెట్టే ప్లాస్టిక్ దిమ్మెలు, చక్రాలకు అడ్డం పెట్టే చీలలు
- ప్రొపేన్ (పొయ్యికి, హీటర్‌కు వాడే గ్యాసు) నిండుగా ఉందా
- టైర్లలో గాలి, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ ప్రకారం
- జనరేటర్ ఒకసారి స్టార్ట్ చేసి ఏసీ తిరుగుతోందా

జనరేటర్ గురించి చాలామందికి తెలియని మాట ఒకటుంది. క్లాస్ సి బళ్లలో అది బండి పెట్రోలు ట్యాంకు నుంచే తాగుతుంది, కానీ ట్యాంకు పావు వంతుకు దిగితే ఆగిపోతుంది. మీరు ఊరు చేరలేక ఇరుక్కోకూడదని అలా కట్టారు. కరెంటు లేని చోటుకు వెళ్లేముందు కనీసం సగం ట్యాంకు ఉంచుకోండి.

5. దారిలో

డెన్వర్ నుంచి మోయాబ్ సుమారు 350 మైళ్లు. కారు లెక్కన ఐదున్నర గంటలు, ఆర్‌వీలో ఏడు ఎనిమిది వేసుకోండి. సాల్ట్ లేక్ సిటీ నుంచైతే 235 మైళ్లు. ఇంటర్‌స్టేట్ 70 మీద 182వ ఎగ్జిట్ దగ్గర దక్షిణానికి తిరిగి 191వ నంబరు రోడ్డులో మరో 30 మైళ్లు.

మన పప్పులు, కరివేపాకు, పెరుగు బయలుదేరిన నగరంలోనే కొనండి. మోయాబ్‌లో మంచి సూపర్ మార్కెట్ ఉంది కానీ కందిపప్పు దొరుకుతుందని వెళ్లకండి. డెన్వర్ వైపు నుంచి వచ్చేవాళ్లకు గ్రాండ్ జంక్షన్ దారిలో చివరి పెద్ద ఊరు.

కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు అలాగే ఉంచితే వేడెక్కి పట్టు పోతుంది. టో-హాల్ మీట (వాలులో గేరు తక్కువలో ఉంచేది) నొక్కి, గేరు దించి, ఇంజను చేత బండిని పట్టించండి. మధ్య మధ్య బ్రేకు గట్టిగా ఒకసారి నొక్కి వదలండి. వెనక కార్లు బారు కట్టాయని కంగారు పడొద్దు, పక్కకు జరిగే చోటు రాగానే దారి ఇవ్వండి.

ఇంకోటి, బంకులో నేర్చుకున్న పాఠం. ఈ బళ్లకు వెనక చక్రాల తర్వాత ఎనిమిది పది అడుగుల తోక ఉంటుంది. స్టీరింగ్ ఎడమకు తిప్పితే తోక కుడికి ఊగుతుంది. పెట్రోలు పోయించుకుని వెంటనే తిప్పాను, పంపు పక్కనున్న పసుపు స్తంభం బండి వీపు గీరింది. వెనక చక్రాలు పంపు దాటేదాకా తిన్నగా వెళ్లి, అప్పుడు తిప్పండి.

6. చోటుకు చేరాక చేయాల్సిన పనులు, ఇదే వరసలో

వెలుతురు ఉండగా చేరాలి. అంతకు మించిన సలహా లేదు.

1. బండి దిగి చోటు చుట్టూ నడవండి. పైన కొమ్మలు, కింద రాళ్లు, కరెంటు పెట్టె ఏ వైపు ఉందో చూడండి.
2. ఒకరు వెనక నిలబడి చేతి సైగలు చేయాలి. అద్దంలో ఆ మనిషి కనబడకపోతే బండి ఆపాలి. "రా రా రా" అని అరవడం వద్దు, ఏసీ హోరులో ఏమీ వినపడదు. ఫోన్‌లో మాట్లాడుకోవడం మేలు, సిగ్నల్ ఉంటే.
3. నేల వాటం చూడండి. ఫోన్‌లో లెవల్ యాప్ చాలు. పల్లంగా ఉన్న వైపు చక్రం కింద దిమ్మెలు పెట్టి ఎక్కించండి. గ్యాసు మీద నడిచే ఫ్రిజ్‌లు బండి వాలి ఉంటే సరిగా చల్లబడవు.
4. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు చీలలు పెట్టండి.
5. కరెంటు పెట్టెలో బ్రేకర్ ఆపి, తీగ తగిలించి, అప్పుడు బ్రేకర్ వేయండి.
6. కుళాయికి రెగ్యులేటర్, దానికి గొట్టం. రెగ్యులేటర్ లేకుండా పెట్టిన పైపులు ఒత్తిడికి లోపల ఊడొస్తాయి.
7. స్లైడ్ అవుట్, అంటే గోడలోంచి బయటికి జరిగే గది భాగం, తెరిచేముందు బయట ఎవరైనా నిలబడి చూడాలి.
8. ఆనింగ్, అంటే పక్కకు తెరుచుకునే గుడ్డ పందిరి, మీరు దాని కింద కూర్చున్నంతసేపే. నడకకు వెళ్లినా, నిద్రపోయినా మూసేయాలి. ఇక్కడ సాయంత్రం గాలి చెప్పి రాదు. విరిగితే డిపాజిట్ మీద ఆశ వదులుకోవచ్చు.

7. నీళ్లు, మూడు ట్యాంకులు

అందరూ మొహమాటపడి అడగని సంగతి ఇది. కాస్త విడమరిచి చెబుతాను.

హుకప్ లేని చోట మంచినీళ్ల ట్యాంకే మీ బావి. 40 గ్యాలన్లంటే సుమారు 150 లీటర్లు. ఇంట్లోలా వాడితే నలుగురికి ఒక్క రోజు. జాగ్రత్తగా వాడితే రెండు రోజులు. ఒంటి మీద నీళ్లు పోసుకుని షవర్ కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తెరవాలి. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి తర్వాత కడగాలి. తాగడానికి విడిగా డబ్బా నీళ్లు కొనుక్కోండి, మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున.

మనవాళ్ల బళ్లలో మొదట నిండేది గ్రే ట్యాంకు. కారణం బియ్యం కడుగు, పప్పు కడుగు, గిన్నెలు. అది నిండితే నీళ్లు స్నానాల తొట్టిలోంచి పైకి తన్నుకొస్తాయి. బియ్యం కడుగు బయట నేల మీద పారబోద్దామనిపిస్తుంది, పోయకూడదు. బియ్యం, పప్పులు ఊళ్లోనే కడిగి ఆరబెట్టి డబ్బాలో పెట్టుకోవడం మా ఆవిడ కనిపెట్టిన ఉపాయం. నూనె మాత్రం ఎప్పుడూ సింకులోకి వంచొద్దు, పాత డబ్బాలో పోసి చెత్తలో వేయండి.

బ్లాక్ ట్యాంకుకు నియమాలు కొన్నే:

- ఫుల్ హుకప్‌లో ఉన్నా దాని మీట మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే నీళ్లు పోయి గట్టిది లోపల మెట్టలా పేరుకుంటుంది. అప్పుడు దేవుడే దిక్కు.
- ఖాళీ చేసిన వెంటనే రెండు మూడు గ్యాలన్ల నీళ్లు, వాసన పోగొట్టే మందు వేయాలి.
- తడి తుడుపు కాగితాలు, డైపర్లు అసలు వేయకూడదు, ప్యాకెట్ మీద ఏం రాసినా సరే.
- నీళ్లతో కడుక్కునే అలవాటు మంచిదే, ట్యాంకుకూ మంచిదే, ఎంత నీరు పడితే అంత సాఫీగా పోతుంది. కాకపోతే త్వరగా నిండుతుంది. చిన్న మగ్గు పెట్టుకోండి, పెద్ద చెంబు వద్దు.

డంప్ స్టేషన్‌లో వరస: తొడుగులు వేసుకోండి, గొట్టం బండికి బిగించండి, రెండో కొస నేల కన్నంలో పెట్టి మీద రాయో బరువో ఉంచండి. బ్లాక్ మీట ముందు తెరవండి. పూర్తిగా ఖాళీ అయ్యాక మూసి, గ్రే తెరవండి. సబ్బు నీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. ఈ వరస తప్పితే గొట్టం తీసేటప్పుడు మీకే అర్థమవుతుంది. అక్కడ ఉన్న కుళాయి గొట్టాలు కడగడానికే. తాగునీళ్లు దాన్నుంచి పట్టకండి, తాగునీరని ప్రత్యేకంగా రాసి ఉన్న కుళాయి వేరేగా ఉంటుంది.

8. వంట

30 ఆంప్‌లంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. ఏసీ సుమారు సగం తినేస్తుంది. దానికి తోడు ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. ఏసీ నడుస్తుంటే గ్యాసు పొయ్యి వాడండి, లేకపోతే ఏసీ ఆపి ఇండక్షన్ వేయండి.

ఊరు 4,000 అడుగుల ఎత్తున ఉంది. నీళ్లు 96 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి, డెడ్ హార్స్ పాయింట్ మీద ఇంకా తక్కువకే. మూత పెట్టి ఉడికించిన కందిపప్పు ఎంతకీ మెత్తబడదు. ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి, ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి.

తాలింపు లోపల పెట్టకండి. ఎండుమిర్చి ఘాటుకు పొగ అలారం కూస్తుంది, పక్క బండి వాళ్లు లేస్తారు. చిన్న బ్యూటేన్ పొయ్యి బయట బల్ల మీద పెట్టుకుంటే వేపుళ్లన్నీ అక్కడే అయిపోతాయి. అలారం గోలకు బ్యాటరీ పీకేసేవాళ్లను చూశాను. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే డిటెక్టర్ కూడా బండిలో ఉంటుంది, దాని జోలికి అసలు పోవద్దు. చలి వేసిందని పొయ్యి వెలిగించి పడుకోవడం కూడా అంతే ప్రమాదం.

9. చూసే వరస

*చేరిన సాయంత్రం.* ఎక్కడికీ పరుగెత్తొద్దు. సర్దుకున్నాక నది పక్కన కాసేపు నడిచి, తిని, తొమ్మిదికి పడుకోండి.

*రెండో రోజు, ఆర్చెస్.* బండి సర్ది ఏడులోపు గేటు దాటండి. గేటు దాటగానే మలుపుల ఎక్కుడు ఉంటుంది, నెమ్మదిగా వెళ్తే పాతిక అడుగుల బండికి ఇబ్బంది లేదు. ముందు తిన్నగా రోడ్డు చివర డెవిల్స్ గార్డెన్‌కు వెళ్లి, వెనక్కి వస్తూ ఒక్కొక్కటి చూడండి. చాలామంది గేటు నుంచి మొదలుపెడతారు, అందుకే చివర పార్కింగ్ ఉదయం ఖాళీగా ఉంటుంది. అక్కడి నుంచి ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ రానూపోనూ రెండు మైళ్లలోపే, దాదాపు చదునైన బాట. సుమారు 300 అడుగుల వెడల్పున్న ఆ సన్నటి రాతి వంతెన నుంచి 1991లో పెద్ద పలక ఊడిపడింది. అప్పటి నుంచి దాని కిందికి వెళ్లనివ్వరు.

పిల్లలుంటే తిరుగు దారిలో శాండ్ డ్యూన్ ఆర్చ్ దగ్గర ఆపండి. రెండు గోడల మధ్య నీడ, కింద మెత్తని ఇసుక. ఇంకెక్కడా దొరకనిది ఆ నీడే. తర్వాత విండోస్ వైపు, డబుల్ ఆర్చ్. పదకొండుకల్లా పార్కింగ్‌లు నిండిపోతాయి, ఆ వేళకు మీరు బయటపడి ఊళ్లో ట్యాంకులు ఖాళీ చేసి, నింపి, భోజనం చేసి పడుకోవాలి.

ఇదే పార్కులోని డెలికేట్ ఆర్చ్ సాయంత్రానికి పెట్టుకోండి. రానూపోనూ 3 మైళ్లు, 480 అడుగుల ఎక్కుడు. వినడానికి చిన్నదే. కానీ మధ్యలో నున్నటి రాతి చరియ మీద నీడన్నది లేకుండా ఎక్కాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, దిగేటప్పుడు చీకటి పడుతుంది కనుక తలకు పెట్టుకునే లైటు తప్పనిసరి. సూర్యాస్తమయానికి మూడు గంటల ముందే పార్కింగ్ చేరితే పెద్ద బండికి చోటు దొరకొచ్చు.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని ఆ ఎక్కుడు ఎక్కించకండి. అదే రోడ్డులో ఇంకో మైలు ముందుకెళ్తే కింది వ్యూ పాయింట్ ఉంది, చదునుగా కొద్ది అడుగులు నడిస్తే ఆర్చ్ దూరంగా కనిపిస్తుంది. ఒకరు వాళ్లతో ఉండి, మిగతావాళ్లు పైకి వెళ్లొచ్చు.

*మూడో రోజు ఉదయం, ఐలాండ్ ఇన్ ద స్కై.* 313వ రోడ్డు పూర్తిగా తారుదే. మీసా ఆర్చ్ దగ్గర సూర్యోదయం కోసం కెమెరాల గుంపు చీకట్లోనే వచ్చి నిలబడుతుంది. ఫోటో పిచ్చి లేకపోతే ఎనిమిదికి వెళ్లండి, గుంపు పోయి ఉంటుంది, కాంతి ఇంకా బాగుంటుంది. తర్వాత రోడ్డు చివర గ్రాండ్ వ్యూ పాయింట్. షేఫర్ ట్రైల్ అని బోర్డు కనిపిస్తే పైనుంచి చూసి వచ్చేయండి, అది జీపుల దారి.

జీపు అద్దెకు తీసుకుని ఆర్‌వీని చోటులోనే వదిలేయడం కూడా మంచి పద్ధతే. ముగ్గురు పిల్లలుంటే నేనైతే అదే చేస్తాను.

10. ఎండ, వరద, నేల

జులై నుంచి సెప్టెంబర్ దాకా మధ్యాహ్నం ఉరుములతో వానలు పడతాయి. మీ నెత్తిన చుక్క పడకపోయినా, పది మైళ్ల అవతల కురిసిన వాన ఎండిన వంకలోంచి ఒక్కసారిగా బురదనీరై వస్తుంది. రాయలసీమ వాగుల పక్క పెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. వంకలో బండి నిలపొద్దు. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే దాటొద్దు, గంట రెండు గంటల్లో అవే తగ్గుతాయి.

బాట పక్కన నల్లగా, పొక్కులు పొక్కులుగా కనిపించే మట్టి మీద కాలు పెట్టకండి. అది బతికున్న పొర. ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు పడితే మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. పిల్లలకు ముందే చెప్పాలి, రాళ్ల మీద, ఇసుక మీద, బాట మీద మాత్రమే నడక.

డ్రోన్లు నేషనల్ పార్కుల్లో నిషిద్ధం. కుక్కల్ని పార్కింగ్, రోడ్డు దాటించి బాటల మీదికి తీసుకెళ్లనివ్వరు.

11. ఎక్కువగా జరిగే తప్పులు, సర్దుకునే దారులు

చోటు బుక్ చేయకుండా వచ్చేశారు. ఊళ్లో రోడ్డు పక్కన, దుకాణాల ముందు పడుకుందామనుకోకండి, లేపి పంపేస్తారు. ఉత్తరాన గ్రీన్ రివర్ సుమారు 50 మైళ్లు, దక్షిణాన మాంటిసెల్లో సుమారు 55 మైళ్లు. అక్కడి ఆర్‌వీ పార్కులకు ఫోన్ చేయండి. పడుకుని తెల్లవారుజామున తిరిగి రావచ్చు.

రాత్రి బ్యాటరీ పడిపోయింది. హుకప్ లేని చోట హీటర్ గ్యాసుతో నడిచినా దాని ఫ్యాను బ్యాటరీతోనే తిరుగుతుంది. రాత్రంతా వేస్తే తెల్లారేసరికి దీపాలు మసకబారతాయి. హీటర్ తక్కువలో పెట్టి దుప్పట్లు ఎక్కువ కప్పుకోండి. అనుమతి ఉన్న వేళల్లో సాయంత్రం రెండు గంటలు జనరేటర్ వేసి నింపండి.

పంపు ఆగకుండా కొట్టుకుంటోంది. నీళ్లయినా అయిపోయి ఉండాలి, ఎక్కడో కుళాయి అయినా వదిలేసి ఉండాలి. వెంటనే మీట ఆపండి. పడుకునేముందు ఆ మీట ఆపడం అలవాటు చేసుకోండి.

ట్యాంకు మీటరు నిండిందని చూపిస్తోంది, ఇప్పుడే ఖాళీ చేశాం. లోపలి సెన్సర్‌కు ఏదో అంటుకుంది. మరోసారి నీళ్లు నింపి ఖాళీ చేయండి. అప్పటికీ అంతే ఉంటే మీటరును వదిలేసి రోజులు లెక్కపెట్టుకోండి.

జీపీఎస్ అడ్డదారి చూపించింది. మామూలు ఫోన్ మ్యాపుకు మీ బండి ఎత్తు, పొడవు తెలియవు. లా సాల్ మౌంటెన్ లూప్ లాంటి కొండ మలుపుల రోడ్లు అది తడుముకోకుండా చూపిస్తుంది. ముందురోజే దారిని కాగితం మీద రాసుకోండి. సిగ్నల్ పోయినా అది పోదు.

12. బయలుదేరే ఉదయం

ఇద్దరు విడివిడిగా చూడాలి, ఒకరు లోపల, ఒకరు బయట.

లోపల:
- ఫ్రిజ్, బీరువాల గొళ్లాలు బిగించారా
- పొయ్యి మీద కుక్కర్ లేదు కదా (ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది)
- పైకప్పు కిటికీలు మూసారా
- పంపు, వాటర్ హీటర్ ఆపారా

బయట:
- ఆనింగ్, స్లైడ్ అవుట్, మెట్లు లోపలికి
- కరెంటు తీగ, నీళ్ల గొట్టం, మురుగు గొట్టం ఊడదీశారా
- ట్యాంకు మీటలు మూసి, మూత బిగించారా
- చక్రాల చీలలు, దిమ్మెలు తీశారా
- బండి చుట్టూ చివరి ప్రదక్షిణ

ఇక ఇక్కణ్నుంచి ఎటు వెళ్తారన్నదాన్ని బట్టి రెండు హెచ్చరికలు.

పడమరకు, ఇంటర్‌స్టేట్ 70 మీద వెగాస్ వైపు అయితే గ్రీన్ రివర్‌లో ట్యాంకు నింపి తీరాలి. అక్కడి నుంచి సలైనా దాకా సుమారు 110 మైళ్లు బంకు లేదు, కొట్టు లేదు. పైగా కొండ ఎక్కుళ్లు, ఎదురుగాలి. ఈ బండి గ్యాలన్‌కు ఎనిమిది పది మైళ్లే ఇస్తుందని మరచిపోకండి.

దక్షిణానికి, మాన్యుమెంట్ వ్యాలీ వైపు అయితే 191 మీద బ్లఫ్ దాకా దిగి 163 పట్టుకోండి. నేచురల్ బ్రిడ్జెస్ చూసి 261వ రోడ్డులో దిగుదామనుకుంటే దారిలో మోకీ డగ్‌వే వస్తుంది. కొండ చరియకు అతికించినట్టుండే మూడు మైళ్ల కంకర మలుపులు, 11 శాతం వాలు. ఆర్‌వీతో అటు దిగొద్దు. మాన్యుమెంట్ వ్యాలీలో 17 మైళ్ల మట్టి లూప్‌లోకి కూడా ఆర్‌వీలను రానివ్వరు, అక్కడ స్థానిక నవాహో తెగ గైడ్ల జీపులెక్కాలి.

అక్కడి నుంచి పేజ్ అనే ఊరు వెళ్లి యాంటిలోప్ కాన్యన్ టూర్ ఎక్కేవాళ్లు గడియారం చూసుకోవాలి. యూటా, నవాహో నేషన్ (ఆ తెగవాళ్ల సొంత ప్రాంతం) వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుకుంటాయి. పేజ్ ఉన్న అరిజోనా జరుపుకోదు. సరిహద్దు దగ్గర ఫోన్ ఒకసారి ఈ టైమూ, ఒకసారి ఆ టైమూ చూపిస్తుంది. టూరువాళ్లు అరిజోనా టైమ్‌తో నడుస్తారు. చేతి గడియారం ఉంటే ముందు రాత్రే ఆ టైముకు పెట్టుకుని, ఫోన్ సంగతి వదిలేయండి.